చుక్క 338వ రోజు: ఈ రాత్రే ఈనుతుందా? మాకు తొలి ఈత, కాస్త చూసి చెప్పండి

తొలిఈత_కాపలా · 338వ రోజు, సాయంత్రం 6:20

అందరికీ నమస్కారం. మా చుక్కకి ఇది తొలి ఈత. గుర్రం ఈనడం నేను చూడబోయేది కూడా ఇదే మొదటిసారి. దాని వయసు తొమ్మిదేళ్ళు. దాటించిన (మగ గుర్రంతో జత కట్టించిన) రోజు నుంచి లెక్కేస్తే ఇవాళ్టికి 338 రోజులు. 15వ రోజున స్కానింగ్ చేయించాం, కవలలు కాదు, ఒకటే. 28వ రోజున గుండె కొట్టుకోవడం కూడా చూశాం. హెర్పిస్ టీకాలు 5, 7, 9 నెలల్లో వేయించాను. ధనుర్వాతం టీకా నెల క్రితం పడింది.

పొదుగు మూడు వారాలుగా నిండుతోంది. మొదట్లో పొద్దున బిగువుగా ఉండి, నాలుగడుగులు తిరిగితే తగ్గిపోయేది. మూడు రోజులుగా తిరిగినా తగ్గట్లేదు. తోక మొదలు దగ్గర కండ జారి మెత్తగా ఊగుతోంది. ఈ సాయంత్రం చనుమొనల చివర తేనె రంగులో చిన్న మైనపు బొట్లు కనిపించాయి. ఇక ఈ రాత్రి పడుకోకూడదా? 340 దాటితే టెన్షన్ పడాలా?

పాతలాయం · 338వ రోజు, సాయంత్రం 6:48

శుభవార్త అమ్మా. 340 అనేది సగటు మాత్రమే. 320 నుంచి 365 వరకు ఎప్పుడు ఈనినా మామూలు కిందే లెక్క. మా దగ్గర ఒక గుర్రం ప్రతి ఈతలోనూ 355 దాటించేది, పిల్లలు పుష్టిగానే పుట్టేవి. పగలు తక్కువగా ఉండే చలికాలంలో ఈనేవి ఇంకొన్ని రోజులు ఎక్కువ మోస్తాయి. 320కి ముందు పుడితేనే నెలలు నిండని పిల్ల అంటారు.

మైనం కట్టాక చాలా గుర్రాలు ఒకటి నుంచి నాలుగు రోజుల్లో ఈనుతాయి. కానీ తొలి ఈత గుర్రాలు మైనం అసలు కట్టకుండానే ఈనిన సందర్భాలు నేను చూశాను, రెండు వారాలు మైనంతోనే తిరిగినవీ చూశాను. ఒక్క గుర్తునే పట్టుకుని కూర్చోవద్దు. పాలు పరీక్షించారా?

గాలిపరుగు · 338వ రోజు, రాత్రి 7:05

నాదొక సందేహం. 340 రోజులు నిండాక ఇంజెక్షన్ ఇప్పించి పగటిపూట ఈనించుకోవచ్చు కదా? ఆవులకు చేస్తారు. రాత్రుళ్ళు కాపలా తప్పుతుంది, డాక్టర్ కూడా పక్కనే ఉంటారు.

గుర్రాల_వైద్యం · 338వ రోజు, రాత్రి 7:31

దయచేసి ఆ ఆలోచనే పెట్టుకోకండి. గుర్రంలో పిల్ల ఆఖరి రోజుల్లోనే పక్వానికి వస్తుంది. ఊపిరితిత్తులు గాలికి సిద్ధం కావడం, పేగులు పాలు అరిగించుకోగలగడం, కాళ్ళ కీళ్ళలో ఎముక గట్టిపడడం, వీటిని నడిపించే కార్టిసాల్ అనే హార్మోన్ పిల్ల ఒంట్లో ఈనే ముందు రెండు మూడు రోజుల్లోనే బాగా పెరుగుతుంది. ఇంజెక్షన్ ఇస్తే గుర్రం ఈనేస్తుంది, ఆ పిల్ల మాత్రం బయటి గాలికి ఇంకా సిద్ధమై ఉండదు. 345 రోజులు మోయాల్సిన పిల్లను 340లో బయటికి లాగితే లెక్క ప్రకారం నెలలు నిండినట్టే ఉంటుంది, కానీ నిలబడలేదు, పాలు పట్టలేదు. తల్లి ప్రాణానికి ముప్పు ఉంటే తప్ప మేం ఆ పని చేయం.

ఎక్కువ రోజులు మోస్తున్నప్పుడు భయపడాల్సిన సందర్భం ఒకటుంది. కొన్ని ఫెస్క్యూ గడ్డి రకాల్లో ఉండే బూజు వల్ల గుర్రం రోజులు మీరిపోతుంది, మాయ దళసరిగా తయారవుతుంది, పొదుగులో పాలే రావు. ఆ గడ్డి మేసే గుర్రాల్ని ఆఖరి మూడు నెలలు దూరంగా పెట్టాలి. చుక్క పొదుగు నిండింది కాబట్టి మీకు ఆ బాధ లేదు.

పాల పరీక్ష సాయంత్రాలు చేయండి. రెండు మూడు బొట్లు చాలు, ఎక్కువ పిండొద్దు. పీహెచ్ 7 పైన ఉంటే ఆ రాత్రి నిశ్చింతగా పడుకోవచ్చు. 6.4కి దిగిందంటే లాయం వదలొద్దు. కాల్షియం చూసే స్ట్రిప్ ఉంటే 200 పీపీఎం దాటిందా చూడండి.

తొలిఈత_కాపలా · 338వ రోజు, రాత్రి 8:15

ధన్యవాదాలు డాక్టర్ గారూ. ఇప్పుడే చూశాను. పీహెచ్ 6.8 వచ్చింది. నిన్న 7.2. కాల్షియం స్ట్రిప్ లేదు, రేపు తెప్పిస్తాను.

పాతలాయం · 338వ రోజు, రాత్రి 8:24

దిగుతోందన్న మాట. ఇవాళ కాకపోవచ్చు కానీ రెండు గంటలకోసారి వెళ్ళి చూడండి. లైటు వేసి, మాటలు చెప్పుకుంటూ గుంపుగా నిలబడొద్దు. గుర్రం తన చుట్టూ అలికిడి ఉంటే ఆపుకుంటుంది. అందుకే ఎక్కువ ఈతలు అర్ధరాత్రి, అందరూ నిద్రపోయాకే జరుగుతాయి.

కింద రంపపు పొట్టు పరిచి ఉంటే తీసేసి పొడవాటి గడ్డి పరచండి. పొట్టు తడి పిల్ల ఒంటికి, ముక్కుకి, తల్లి మానానికి అంటుకుపోతుంది. లాయం కనీసం 12 అడుగుల చదరం ఉండాలి, 14 అయితే ఇంకా మంచిది. పడుకుని కాళ్ళు చాపినప్పుడు వెనక భాగం గోడకు తగిలితే పిల్లకు బయటికొచ్చే దారి ఉండదు.

నల్లకళ్ళెం · 338వ రోజు, రాత్రి 9:40

చెల్లీ, మిమ్మల్ని భయపెట్టాలని కాదు. నాకు తెలియక పోగొట్టుకున్నది మీరు పోగొట్టుకోకూడదని రాస్తున్నాను.

ఐదేళ్ళ కిందట మా గుర్రం మూడో ఈత. ముందు రెండూ చక్కగా జరిగాయి కాబట్టి ధీమాగా ఉన్నాను. తెల్లవారుజామున లాయంలోకి వెళ్ళేసరికి అది పడుకుని ముక్కుతోంది. మానం దగ్గర ఎర్రగా, మఖ్మల్ గుడ్డలా ఒక సంచి బయటికి వస్తోంది. ఉమ్మనీరు పోయిన ఆనవాలే లేదు. నేను అదే ఉమ్మనీటి సంచి అనుకున్నాను. దానంతట అది పగులుతుందిలే అని చూస్తూ నిలబడ్డాను. డాక్టర్‌కి ఫోన్ చేసి "ఎర్రగా ఉంది" అనగానే ఆయన "కోసెయ్, ఇప్పుడే కోసెయ్" అని అరిచారు. కత్తెర కోసం ఇంట్లోకి పరిగెత్తి తిరిగొచ్చేసరికి ఆలస్యమైపోయింది. పిల్ల నిండుగా, అన్ని అవయవాలతో ఎంతో అందంగా ఉంది. ఊపిరి లేదు.

ఆ ఎర్రటిది మాయ. మామూలు ఈతలో మాయ లోపలే ఒకచోట పగిలి నీళ్ళు పోతాయి, ఆ తర్వాత తెల్లగా, కొంచెం నీలి ఛాయతో పలుచని పొర వస్తుంది. మాయ పగలకుండా గర్భసంచి నుంచి ఊడి ముందే వచ్చేస్తే పిల్లకు తల్లి నుంచి అందే ప్రాణవాయువు ఆగిపోయినట్టే. అప్పుడు డాక్టర్ వచ్చేదాకా ఆగే టైం ఉండదు. చేతిలో ఏది ఉంటే దాంతో చీల్చి, లోపల తెల్ల పొరని కూడా తెరిచి, నొప్పులతో పాటే పిల్లను బయటికి తేవాలి.

ఇవాళ్టికీ మా లాయం తలుపు మేకుకి ఒక మొద్దు మొన కత్తెర వేలాడుతూ ఉంటుంది. మీరు కూడా ఇప్పుడే వెళ్ళి వేలాడదీయండి.

తొలిఈత_కాపలా · 338వ రోజు, రాత్రి 9:58

అన్నా, చదువుతుంటే కళ్ళు తడిశాయి. కత్తెర కట్టేశాను. టార్చి, తువ్వాళ్ళు, తోకకి కట్టే గుడ్డ, క్లోర్‌హెక్సిడిన్, గోడ గడియారం కూడా పెట్టాను.

గాలిపరుగు · 339వ రోజు, ఉదయం 10:10

బొడ్డుకి ఘాటు అయోడిన్ పూయాలని మా పెద్దవాళ్ళు చెప్తారు. క్లోర్‌హెక్సిడిన్ సరిపోతుందా?

గుర్రాల_వైద్యం · 339వ రోజు, ఉదయం 11:02

సరిపోవడమే కాదు, అదే మంచిది. 7 శాతం అయోడిన్ లేత చర్మాన్ని కాల్చేస్తుంది, కాలిన చోటే క్రిములు చేరతాయి. క్లోర్‌హెక్సిడిన్‌ని 0.5 శాతానికి పలచన చేసి, బొడ్డు మునిగేలా చిన్న గిన్నెతో పట్టండి. మొదటి రోజు నాలుగైదు సార్లు చేయండి. తాడు మాత్రం మీరు కోయొద్దు. పొట్టకి ఒకటి రెండు అంగుళాల దూరంలో సన్నగా ఉండే చోట, తల్లి లేచినప్పుడో పిల్ల తన్నుకున్నప్పుడో దానంతట అదే తెగుతుంది. అలా తెగితే రక్తనాళాలు ముడుచుకుపోయి రక్తం కారదు.

తొలిఈత_కాపలా · 340వ రోజు, రాత్రి 8:30

పీహెచ్ 6.3! కాల్షియం స్ట్రిప్ కూడా 200 దాటినట్టే చూపిస్తోంది. మేత సగంలో వదిలేసింది. ఈ రాత్రి ఇక్కడే కూర్చుంటున్నాను. మా చెల్లి కూడా ఉంది, నా చేతులు ఖాళీ లేకపోతే తనే రాస్తుంది.

పాతలాయం · 340వ రోజు, రాత్రి 8:41

నేనూ మేలుకునే ఉంటాను అమ్మా. తోకకి గుడ్డ చుట్టండి, వెనక భాగం గోరువెచ్చని నీళ్ళతో కడగండి. మీ డాక్టర్‌కి ఇప్పుడే ఒక మాట చెప్పి ఉంచండి.

తొలిఈత_కాపలా · 340వ రోజు, రాత్రి 11:15

చెమట పడుతోంది. పక్క డొక్క వైపు తిరిగి తిరిగి చూసుకుంటోంది, పడుకుంటోంది, లేస్తోంది, కొంచెం కొంచెం పేడ వేస్తోంది. ఇది నొప్పులా, కడుపునొప్పి వచ్చిందా? చూడడానికి రెండూ ఒకేలా ఉన్నాయి.

గుర్రాల_వైద్యం · 340వ రోజు, రాత్రి 11:22

నిజమే, మొదటి దశ అచ్చం కడుపునొప్పిలాగే ఉంటుంది. పిల్ల లోపల తిరగబడుతున్నది కూడా ఇప్పుడే. అంతవరకు వెల్లకిలా ఉన్నది, వీపు పైకి వచ్చేలా తిరిగి, ముందుకాళ్ళు చాపుతుంది. అందుకు తల్లి పొర్లడం, లేవడం సాయం చేస్తాయి కాబట్టి ఆపొద్దు. పొదుగు, పాలు, తోక మొదలు అన్నీ సిద్ధంగా ఉన్నాయి కనుక ఇవి నొప్పులే అనుకోవచ్చు. చిగుళ్ళ రంగు చూడండి. లేత గులాబీ రంగు ఉంటే సరే. పాలిపోయినా, ముదురు ఎరుపుకి మారినా, లేదా నీరు పోకుండా ఈ బాధ పెరుగుతూనే ఉన్నా ఫోన్ చేయండి. ఈ దశ ఒక గంట నుంచి నాలుగు గంటలు పడుతుంది. మధ్యలో ఆగిపోయి మళ్ళీ రేపు మొదలవ్వొచ్చు కూడా.

నీరు పోయిన క్షణం మాత్రం గడియారం చూడండి. అక్కడి నుంచి పిల్ల పూర్తిగా పడడానికి మామూలుగా పట్టేది 20 నుంచి 30 నిమిషాలే. ఐదు నిమిషాల్లో తెల్ల పొర కనిపించాలి. పది నిమిషాలు గడిచినా కాళ్ళూ ముక్కూ రాకపోతే ఇంకాస్త చూద్దాం అనుకోకుండా డాక్టర్‌ని పిలవండి.

తొలిఈత_కాపలా · 341వ రోజు, రాత్రి 12:52

చెల్లెల్ని రాస్తున్నాను. 12:49కి నీరు పోయింది. బక్కెట్‌తో కుమ్మరించినట్టు. అక్క లోపలుంది.

నల్లకళ్ళెం · 341వ రోజు, రాత్రి 12:53

రంగు? రంగు చూడమ్మా.

తొలిఈత_కాపలా · 341వ రోజు, రాత్రి 12:54

తెల్లగా ఉంది అన్నా. తెలుపు. లోపల ఒక గిట్ట కనిపిస్తోంది.

గుర్రాల_వైద్యం · 341వ రోజు, రాత్రి 12:55

గిట్ట అడుగు భాగం నేల వైపు ఉందా, ఆకాశం వైపా?

తొలిఈత_కాపలా · 341వ రోజు, రాత్రి 12:57

నేల వైపే. రెండో కాలు కూడా వచ్చింది. రెండూ సమానంగా ఉన్నాయి, ముక్కు కూడా వాటి పక్కనే. మూడు సార్లు గట్టిగా ముక్కింది, కానీ జరగట్లేదు. లాగమంటారా?

గుర్రాల_వైద్యం · 341వ రోజు, రాత్రి 12:58

మీ డాక్టర్‌కి ఫోన్ కలిపి స్పీకర్‌లో పెట్టండి, ఆయన చెప్పినట్టే చేయండి. ఒక కాలు ఇంకోదానికన్నా జానెడు ముందుండాలి. సమానంగా ఉన్నాయంటే ఒక మోచేయి తల్లి కటి ఎముక అంచున ఇరుక్కుని ఉండొచ్చు. రెండూ కలిపి లాగకండి.

తొలిఈత_కాపలా · 341వ రోజు, ఉదయం 5:40

క్షమించండి, అందరూ ఎదురుచూస్తూ ఉండి ఉంటారు. ఆడపిల్ల పుట్టింది! నల్లటి ఒళ్ళు, నుదుట అమ్మకున్నట్టే చిన్న చుక్క.

మా డాక్టర్ ఫోన్‌లోనే చెప్పారు. చేతులు కడుక్కుని, నొప్పి వచ్చినప్పుడు ఒక్క కాలిని మాత్రమే మెల్లగా ముందుకి తెచ్చాను. లోపల ఏదో జారినట్టు అయ్యి ఆ కాలు జానెడు బయటికొచ్చింది. అంతే, తర్వాతి నొప్పికి తల, ఆ తర్వాత భుజాలు. నొప్పి వచ్చినప్పుడు తల్లి వెనక మడమల వైపు కిందికి పట్టుకున్నాను, నొప్పి లేనప్పుడు వదిలేశాను. 1:11కి పిల్ల నడుము దాకా బయట ఉంది, వెనక కాళ్ళు ఇంకా తల్లిలోనే. ముక్కు మీద పొర తీసి, తువ్వాలుతో తుడిచాను. తుమ్మింది. ఆ తుమ్ము విన్నప్పుడు మేమిద్దరం ఏడ్చేశాం. ఇద్దరూ అలాగే పది నిమిషాలు పడుకుని ఉన్నారు, మేం బయటికొచ్చేశాం. తాడు దానంతట అదే తెగింది.

47 నిమిషాలకి లేచి నిలబడింది. నాలుగు సార్లు పడింది, సాయం చేయాలని చెయ్యి ముందుకి పోయేది, కానీ ఆపుకున్నాను. గంటా నలభై నిమిషాలకి చన్ను పట్టింది. మాయ రెండు గంటల పది నిమిషాలకి పడింది.

రెండు అనుమానాలు. గిట్టల కింద మెత్తగా, పసుపూ తెలుపూ కలిసిన వేళ్ళలాంటివి వేలాడుతున్నాయి. గిట్టలు వికారంగా పుట్టాయా అని చెల్లి భయపడుతోంది. ఇంకోటి, మాయతో పాటు అరచేతంత గోధుమ రంగు ముద్ద, కాలేయం ముక్కలా సాగుతూ పడింది.

పాతలాయం · 341వ రోజు, ఉదయం 5:52

ఎంత మంచి మాట చెప్పారమ్మా! చెల్లిని భయపడొద్దనండి. ఆ మెత్తటి వేళ్ళు తల్లి గర్భసంచి గీరుకోకుండా గిట్టలకు ప్రకృతి తొడిగిన చెప్పులు. ఒక రోజు నడిస్తే అరిగి ఊడిపోతాయి. ఆ ముద్ద ఉమ్మనీటిలో తేలుతూ ఉండే మడ్డి, గట్టిపడి అలా అవుతుంది. ప్రతి ఈతలోనూ ఉంటుంది, దాని వల్ల ఏ హానీ లేదు.

గాలిపరుగు · 341వ రోజు, ఉదయం 6:05

అభినందనలు! మూడు గంటల్లోపే మాయ పడింది కాబట్టి ఇక గండం గడిచినట్టే. హాయిగా పడుకోండి.

నల్లకళ్ళెం · 341వ రోజు, ఉదయం 6:09

పడుకునే ముందు ఒక్క పని చెల్లీ. మాయని పారేయలేదు కదా? శుభ్రమైన నేల మీద పరిచి చూడండి. రెండు కొమ్ములూ, మధ్య భాగం కలిపి ప్యాంటు పరిచినట్టు ఉంటుంది. పిల్ల ఉన్న కొమ్ము పెద్దది, ఖాళీ కొమ్ము చిన్నది. పిల్ల బయటికొచ్చిన చిరుగు ఒకటే ఉండాలి. కొమ్ముల చివర్లు రెండూ మూసుకుని, నిండుగా ఉండాలి.

తొలిఈత_కాపలా · 341వ రోజు, ఉదయం 6:31

పరిచాను. పెద్ద కొమ్ము చివర గుండ్రంగా మూసుకుని ఉంది. చిన్న కొమ్ము చివర చిరిగినట్టు, ఎగుడుదిగుడుగా ఉంది. నాలుగు వేళ్ళంత భాగం లేదనిపిస్తోంది. నేను ఎక్కువ ఊహించుకుంటున్నానా?

గుర్రాల_వైద్యం · 341వ రోజు, ఉదయం 6:38

ఊహ కాదు. ఎక్కువగా లోపల ఉండిపోయేది సరిగ్గా ఆ ఖాళీ కొమ్ము చివరే. మాయని తడి ఆరకుండా బక్కెట్‌లో మూతపెట్టి ఉంచి, మీ డాక్టర్‌ని ఇప్పుడే పిలవండి. ఆయన దాన్ని చూడాలి. మీరు చెయ్యి పెట్టి వెతకొద్దు.

గుర్రంలో మాయ ముక్క ఎంత చిన్నదైనా లోపల కుళ్ళితే విషం రక్తంలోకి ఎక్కుతుంది. అక్కడి నుంచి గిట్టల లోపలి పొరలు వాచి గుర్రం నడవలేని స్థితికి రావచ్చు. ఆవుకి ఒక రోజు ఆగినా పర్వాలేదన్న అలవాటుతో గుర్రాన్ని చూడకూడదు. ఇంకోమాట కూడా రాస్తున్నాను, ఇది చదివే వేరేవాళ్ళకి పనికొస్తుంది: మాయ సగం వేలాడుతుంటే లాగడం, దానికి బరువు కట్టడం చేయకండి. ముక్క తెగి లోపల ఉండిపోయేది అలాగే. కాళ్ళకింద పడి తొక్కకుండా పైకి ముడివేసి వదిలేయాలి.

తొలిఈత_కాపలా · 341వ రోజు, మధ్యాహ్నం 1:20

డాక్టర్ వచ్చి వెళ్ళారు. ముక్క నిజంగానే లోపల ఉంది. ఆక్సిటోసిన్ ఇచ్చారు, గర్భసంచిని సెలైన్‌తో కడిగారు, రెండోసారి కడిగినప్పుడు ముక్క బయటపడింది. నాలుగు వేళ్ళ వెడల్పే. యాంటీబయాటిక్, వాపు తగ్గే మందు మొదలుపెట్టారు. మూడు రోజులు పొద్దున సాయంత్రం జ్వరం చూడమన్నారు, 38.5 దాటితే ఫోన్ చేయమన్నారు. గిట్టల వేడి, మడమ దగ్గర నాడి కూడా చూడమన్నారు. ఇప్పటికి జ్వరం 38.1.

నల్లకళ్ళెం అన్నా, మీరు ఆ మాట అనకపోతే నేను మాయని ఎప్పుడో పాతిపెట్టేసి ఉండేదాన్ని.

నల్లకళ్ళెం · 341వ రోజు, మధ్యాహ్నం 1:44

మీ చుక్క, పిల్ల ఇద్దరూ క్షేమంగా ఉంటే నాకంతే చాలు. పిల్ల నల్ల పేడ వేసిందా? అది గట్టిగా, ముదురు రంగులో గుండ్లలా వస్తుంది. తోక ఎత్తి ముక్కుతూ, పాలు మానేస్తే డాక్టర్ చెప్పే ఎనిమా కావాలి. మగపిల్లల్లో ఇది ఎక్కువ, అయినా చూడండి.

తొలిఈత_కాపలా · 341వ రోజు, మధ్యాహ్నం 1:50

వేసింది అన్నా, పొద్దున నాలుగింటికే. ఇప్పుడు మెత్తగా, పసుపు రంగులో వస్తోంది.

గుర్రాల_వైద్యం · 341వ రోజు, మధ్యాహ్నం 2:15

మంచిది, ముర్రుపాలు లోపలికి వెళ్ళి కదులుతున్నాయన్న మాట. అయితే రక్షణ ఎంత అందిందో రక్తపరీక్షతోనే తెలుస్తుంది. మనుషుల్లోలాగా గుర్రంలో మాయ ద్వారా పిల్లకు రోగనిరోధక శక్తి రాదు. పిల్ల అది లేకుండానే పుడుతుంది, మొత్తం ముర్రుపాల నుంచే తీసుకోవాలి. పేగులు దాన్ని పీల్చుకునే శక్తి పుట్టిన గంటల నుంచే తగ్గుతూ పోయి 24 గంటలకి దాదాపు మూసుకుపోతుంది. రేపు తెల్లవారుజాములోపు ఐజీజీ (రక్తంలో రోగాల నుంచి కాపాడే ప్రోటీన్) పరీక్ష చేయించండి. డెసిలీటరుకి 800 మిల్లీగ్రాములు దాటితే సంతోషం. 400 కన్నా తక్కువైతే ప్లాస్మా ఎక్కించాల్సి ఉంటుంది.

మైనం కట్టిన దగ్గర్నుంచి పాలు కారిపోయాయా? అదొక్కటే నా అనుమానం.

తొలిఈత_కాపలా · 341వ రోజు, మధ్యాహ్నం 2:30

ఆఖరి రోజు సాయంత్రం నాలుగు బొట్లు కారాయి అంతే. రక్తం తీసుకోవడానికి డాక్టర్ రాత్రి వస్తానన్నారు.

తొలిఈత_కాపలా · పిల్లకి రెండో రోజు, ఉదయం 9:10

ఐజీజీ 800 పైనే! చుక్కకి జ్వరం లేదు, గిట్టలు చల్లగా ఉన్నాయి, మేత పూర్తిగా తింది. పిల్ల గిట్టల కింద ఆ చెప్పులు ముప్పావు భాగం అరిగిపోయాయి.

పాతలాయం · పిల్లకి రెండో రోజు, ఉదయం 9:25

ఇప్పుడు పడుకోండి అమ్మా.

గాలిపరుగు · పిల్లకి ఆరో రోజు, రాత్రి 7:40

ఈనిన వారం పది రోజులకే గుర్రం మళ్ళీ ఎదకి వస్తుందట కదా. చుక్కని అప్పుడే దాటిస్తారా?

తొలిఈత_కాపలా · పిల్లకి ఆరో రోజు, రాత్రి 8:05

లేదండి. మాయ ముక్క ఉండిపోయిన గర్భసంచి కదా, ఈ ఎద వదిలేసి, తర్వాతి ఎదకి ముందు లోపల శుభ్రంగా ఉందో లేదో చూసి చెప్తానన్నారు డాక్టర్. ఆ ఎద రోజుల్లో పిల్లకి కూడా విరేచనాలు కావచ్చని, పాలు మానకుండా హుషారుగా ఉంటే కంగారుపడొద్దని చెప్పారు. అందుకని తోక కింద పూయడానికి వాసెలిన్ సిద్ధంగా పెట్టుకున్నాను.